బఠాణీ గింజంత చాలు

బ్యాంకు ఉద్యోగికి ఒక జబ్బు ఉంటుంది. ఏది చూసినా జమ ఎంత, ఖర్చు ఎంత అని లెక్క వేస్తాడు. నేను బి.కాం. చదివినవాణ్ణి. భౌతికశాస్త్రం పదో తరగతిలోనే నాకు నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. అయినా ఈసారి కంప్యూటర్ లోపలి వేడి గురించి రాసే సాహసం చేస్తున్నాను. ఎందుకంటారా? అదీ ఖాతా పుస్తకం వంటిదే. ప్రాసెసర్ 65 వాట్ల కరెంటు తీసుకుంటే, దాదాపు ఆ 65 వాట్లూ వేడిగా మారి బయటికి పోవాలి. జమకూ ఖర్చుకూ పొంతన కుదరకపోతే కంప్యూటర్ తనంతట తాను దుకాణం కట్టేస్తుంది.

మన సంఘం కార్యాలయంలో కంప్యూటర్ సంగతి సభ్యులు కొందరికి తెలిసే ఉంటుంది. ఈ పత్రికకు అక్షరాలు కూర్చేది దాని మీదే. గత వేసవిలో అది పని మధ్యలో ఆరిపోవడం మొదలుపెట్టింది. పొద్దున బుద్ధిగా ఉండేది. మధ్యాహ్నం నాలుగు పేజీలు తెరిస్తే చాలు, తెర నల్లబడేది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ మూత కూడా తీయకుండా ‘‘బోర్డు పోయింది సార్, కొత్తది తీసుకోండి’’ అని 38,000 రూపాయలకు అంచనా రాసిచ్చాడు.

సంఘం ఖాతాలో అంత డబ్బు లేకపోలేదు. కానీ అది పిల్లల ఆదివారం తెలుగు తరగతుల పుస్తకాల కోసం సభ్యులు తలా కొంత వేసుకున్న చందా. కోశాధికారిగా చెక్కు మీద సంతకం పెట్టవలసింది నేను. అప్పు అడిగినవాడి కాగితాలు చూడకుండా మంజూరు చేస్తే బ్యాంకులో నన్ను ఊరుకుంటారా? మరి మూత తీయకుండా రాసిన అంచనాకు సంఘం సొమ్ము ఎలా ఇస్తాం? పొద్దున బాగుండి, వేడెక్కాక ఆగిపోయే యంత్రానికి ముందు వేడి సంగతి చూడాలని కార్యవర్గంలో చెప్పాను. ‘‘రెండు వారాలు ఆగుదాం’’ అన్నారు.

బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టడానికి బాట వేసింది 1984 నాటి రంగరాజన్ కమిటీ నివేదిక. తర్వాత మా బ్రాంచికి అవి వచ్చిన కొత్తల్లో, ఆ గదికి మేనేజరు గదికంటే ఎక్కువ మర్యాద జరిగేది. బయట చెప్పులు విప్పాలి, లోపల ఏ.సి. తిరగాలి. తమాషా ఏమిటంటే ఆ రోజుల్లో ప్రాసెసర్లకు అంత వేడే లేదు. 486 రకం చిప్పులు చాలావరకు ఫ్యాన్ లేకుండానే నడిచేవి. 1993లో వచ్చిన మొదటి పెంటియం సుమారు 15 వాట్లు తినేది. 2022లో వచ్చిన ఇంటెల్ ఐ9 రకాల్లో ఒకటి పూర్తి వేగంలో 253 వాట్ల దాకా తింటుంది. వేడి పెరిగింది, చెప్పులు విప్పే ఆచారం పోయింది!

మన ఇస్త్రీపెట్టె 1000 వాట్లది అనుకుందాం. ఆ వేడి అరచేతికంటే పెద్ద పలక అంతటా పరుచుకుంటుంది. ప్రాసెసర్‌లో అసలు చిప్పు గోరంత. చదరపు సెంటీమీటరు లెక్కన చూస్తే 65 వాట్ల చిప్పు మీద పడే వేడి ఇస్త్రీపెట్టె కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని వెంటనే లాగేసేందుకే పైన కూలర్ అనే లోహపు దిమ్మె, దాని మీద ఫ్యాను.

మరి మధ్యలో ఈ పేస్టు దేనికి? ప్రాసెసర్ మూత, కూలర్ అడుగు రెండూ కంటికి అద్దంలా కనబడినా, సూక్ష్మంగా చూస్తే ఎత్తుపల్లాలే. రెంటినీ ఆనిస్తే ఆ పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. వేడిని మోసే శక్తిలో రాగికి 400 మార్కులు వేస్తే అల్యూమినియంకు 237 వస్తాయి. మంచి పేస్టుకు నాలుగు నుంచి పది. గాలికి 0.026, అంటే సున్నా అన్నట్టే. పేస్టు గాలికంటే వందల రెట్లు మేలు, లోహంకంటే ఎన్నో రెట్లు తక్కువ. ఈ ఒక్క లెక్క పట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. పేస్టు పల్లాలను పూడ్చాలి గానీ, రెండు లోహాల మధ్య మెత్తటి పరుపు కాకూడదు. తక్కువైతే గాలి మిగులుతుంది, ఎక్కువైతే పేస్టే అడ్డుగోడ అవుతుంది. కూరలో ఉప్పు లాంటి వ్యవహారం.

రెండో శనివారం సెలవు చూసుకుని ఎస్.పి. రోడ్డుకు వెళ్ళాను. టౌన్‌హాల్ దగ్గరి ఆ ఇరుకు వీధిలో కంప్యూటర్‌కు సంబంధించి దొరకని సామాను అరుదు. సిరంజిలో వచ్చే పేస్టు ఒకటి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఒకటి కొన్నాను. రెండూ కలిపి 600 రూపాయల లోపే. మర్నాడు ఒక సభ్యుల అమ్మాయి, ఇంజనీరింగ్ చదువుతోంది, సాయానికి వచ్చింది. నిజం చెప్పాలంటే పని ఆ అమ్మాయిది, రాత నాది.

మూత తీయగానే సంగతి బయటపడింది. కూలర్‌కు ఉన్న నాలుగు పిన్నుల్లో ఒకటి బోర్డులోకి దిగనే లేదు. కూలర్ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఏళ్ళ కిందటి పేస్టు ఎండిన సున్నంలా పెళుసుబారింది. రెక్కల మధ్య దుమ్ము దూదిలా పట్టింది.

మీ ఇళ్ళల్లోనూ పనికొస్తుందని ఆ రోజు చేసిన క్రమం రాస్తున్నాను. ముందు కంప్యూటర్‌ను కొద్దిసేపు నడపాలి, పాత పేస్టు వెచ్చబడి మెత్తబడుతుంది. తర్వాత ఆపి, ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకండ్లు నొక్కి పట్టాలి. క్యాబినెట్ ఇనుప రేకును ఒకసారి తాకితే ఒంట్లోని స్థిర విద్యుత్తు పోతుంది. ఫ్యాను తీగ ఊడదీసి, పిన్నులను వాటిమీది బాణం గుర్తు వైపు తిప్పి వదులు చేయాలి. కూలర్‌ను గట్టిగా పైకి లాగకూడదు. సీసా మూతలా అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయాలి. కొన్ని రకాల్లో, ముఖ్యంగా ఏ.ఎం.డి. వారి ఏ.ఎం.4 ప్రాసెసర్లలో, లాగితే ప్రాసెసర్ కూడా కూలర్‌కు అంటుకుని ఊడివస్తుంది, సన్నని పిన్నులు వంగిపోతాయి.

పాత పేస్టును పోగులు రాలని గుడ్డకు ఆల్కహాల్ అద్ది రెండు వైపులా తుడవాలి. నీళ్ళు వద్దు. కొత్త పేస్టును ప్రాసెసర్ నడిమధ్యన బఠాణీ గింజంత పెట్టాలి. ‘‘పూర్తిగా పరచొద్దా అమ్మా?’’ అని అడిగాను. ‘‘ఇది దోసె కాదంకుల్, కూలర్ బరువే పరుస్తుంది’’ అంది. పెద్ద ప్రాసెసర్లకు కొంచెం ఎక్కువ కావాలట. కొత్త కూలర్ కొంటే అడుగున పేస్టు పూసి ఉందేమో చూసుకోవాలి, ఉంటే మళ్ళీ పూయనక్కర్లేదు. అడుగున ప్లాస్టిక్ పొర ఉంటే పీకడం మాత్రం మరవకూడదు.

బిగించేముందు పిన్నులను వెనక్కి తిప్పి మొదటి స్థితికి తేవాలి. తర్వాత కూలర్‌ను నిటారుగా దించి, కారు చక్రం నట్ల మాదిరి ఎదురెదురు మూలలు నొక్కాలి. పిన్ను దిగితే టక్కుమంటుంది. స్క్రూలున్న రకమైతే ఒక్కొక్కటి రెండు చుట్ల చొప్పున వంతులవారీగా బిగించాలి. ఒకటే ముందు బిగిస్తే కూలర్ ఒరుగుతుంది. చివరగా ఫ్యాను తీగను బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్నచోటే తగిలించాలి.

ఫలితం వినండి. ముందు పది నిమిషాల పనికే 98 డిగ్రీలు చూపించింది. చాలా ప్రాసెసర్లు 95, 100 డిగ్రీల దగ్గర తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ కుదరకపోతే ఆగిపోతాయి. బిగించాక గంటసేపు పేజీలు కూర్చినా 66 దాటలేదు. పుస్తకాల డబ్బు పుస్తకాలకే మిగిలింది. రసీదులు తదుపరి సమావేశంలో పెట్టాను.

ఇలా అన్నానని ప్రతి మెకానిక్‌నూ అనుమానించవద్దు. బోర్డు నిజంగానే పోయి ఉండవచ్చు. అప్పుడు ఏ పేస్టూ పని చేయదు. వారంటీ ఉన్న యంత్రాన్ని మీరు విప్పకండి. పేస్టు లేదు కదా అని టూత్‌పేస్టు పూయకండి, రోజుల్లో ఎండిపోతుంది. ద్రవ లోహం అని అమ్మేదాని జోలికి పోకండి. అది విద్యుత్తును ప్రవహింపజేస్తుంది, అందులోని గాలియం అల్యూమినియంను తినేస్తుంది. దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో పట్టుకోండి.

బెంగళూరు చల్లని ఊరన్న ధీమా కూడా వద్దు. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. గది ఒక డిగ్రీ వేడెక్కితే చిప్పూ దాదాపు ఒక డిగ్రీ ఎక్కుతుంది. ఏటా మార్చి నెలాఖరుకు, అదే మా బ్యాంకు ఖాతాలు ముగిసే వేళకు, ఒకసారి దుమ్ము దులిపి వేడి ఎంతుందో చూసుకోండి. పేస్టు మార్చిన తేదీ చీటీ మీద రాసి క్యాబినెట్ లోపలివైపు అంటించండి. సంఘం కంప్యూటర్‌కు అలాగే అంటించాం. నా తర్వాత వచ్చే కోశాధికారికి అది పనికొస్తుంది.

వచ్చే సంచికలో ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్ళు పోయడం గురించి మాట్లాడుకుందాం. ఉంటాను.