ఆటగాడి వెల

సంక్రాంతి రోజులలో మా కృష్ణా తీరపు ఊళ్ళలో జరిగే చెడుగుడు పోటీలు చూసినవారికి ఒక సంగతి కొత్త కాదు. బరిలో దిగిన జట్టు ఒక ఊరిది. కూతకు వెళ్ళే కుర్రవాడు మాత్రం మరో ఊరివాడు. రానుపోను ఖర్చులిచ్చి, భోజనం పెట్టి, చేతిలో కొంత సొమ్ము ఉంచి అతడిని పిలిపిస్తారు. గెలిస్తే భుజాలకెత్తుకొంటారు. ఓడితే "కిరాయివాడు, వాడికేం పట్టింది" అంటారు. ఆడిన ఆట ఒక్కటే, మాట మాత్రం రెండు విధాలు.

అమెరికా కళాశాలల క్రీడలలో ఇటీవలి మార్పులను గురించి చదువుతున్నప్పుడల్లా నాకీ సంక్రాంతి ఆటగాడే గుర్తుకు వస్తున్నాడు. అక్కడ కళాశాల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటలు చిరకాలంగా పెద్ద వ్యాపారాలు. శిక్షకులకు కోట్ల జీతాలు, టీవీ సంస్థలతో భారీ ఒప్పందాలు. ఆడే పిల్లవాడికి మాత్రం చదువు, వసతి, భోజనం. అంతకు మించి పైసా ముట్టుకొంటే అనర్హుడు. దానికి "అమెచ్యూర్ ధర్మం" అని పేరు. 2021 జూన్‌లో ఆ దేశపు సుప్రీంకోర్టు, ఆటగాళ్ళకు విద్యాసంబంధమైన ప్రయోజనాలపై పరిమితులు విధించడం చెల్లదని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది జులై 1 నుంచి తమ పేరును, రూపాన్ని ప్రకటనలకు వాడుకొని సంపాదించుకొనే అవకాశం వారికి దక్కింది. 2025 జూన్‌లో ఆమోదం పొందిన మరో ఒప్పందం ప్రకారం పాత బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. అంతేకాక ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్ళకు మొదటి ఏడాది రెండు కోట్ల ఐదు లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. ఇక కళాశాల మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న పాత నియమం 2021లో సడలి, 2024 నాటికి దాదాపు లేకుండా పోయింది. చదువు సక్రమంగా సాగితే ఎన్నిసార్లయినా మారవచ్చు.

దీని ఫలితాలన్నీ తీపిగా లేవు. చిన్న కళాశాల తీర్చిదిద్దిన ఆటగాడిని మరుసటి ఏడాదే పెద్ద కళాశాల ఎగరేసుకుపోతున్నది. జట్టులో స్థానాలకు పరిమితి రావడంతో ఏ వేతనమూ లేకుండా ఇష్టంకొద్దీ ఆడే చివరి వరుస పిల్లలకు చోటు తగ్గింది. సొమ్ములో సింహభాగం ఫుట్‌బాల్‌కే పోతే ఈత, కుస్తీ వంటి ఆటల గతి ఏమిటి, ఆడపిల్లల వాటా ఏమిటి అన్న ప్రశ్నలు మిగిలే ఉన్నాయి.

మనకెందుకీ గొడవ అని పాఠకులు అడగవచ్చు. మన కళాశాలల ఆటలను టీవీలో ఎవరు చూస్తారు, ఎవరు కొంటారు? నిజమే. కాని కొనుగోలు మనకు తెలియని విద్య కాదు. మనం కొన్నది ఆటగాళ్ళను కాదు, ర్యాంకులను. విజయవాడ ఇంటర్మీడియట్ చదువుల చరిత్ర తెలిసినవారికి వివరించనక్కరలేదు. పదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడి ఇంటికి ముందుగా చేరేది కళాశాల మనిషే. ఉచిత సీటు, ఉచిత హాస్టలు, ర్యాంకు వస్తే బహుమానం. ఫలితాలు వచ్చిన మర్నాడు ఒకే బాలుడి ఫొటో రెండు సంస్థల ప్రకటనలలో కనబడినా మనం ఆశ్చర్యపడడం మానేశాం. అమెరికావారు ఆటగాడికి చేసినదంతా మనం ర్యాంకరుకు ఎప్పుడో చేశాం. ఒప్పందపత్రం ఒక్కటే లేదు. ఆ పందెంలో మునిగిన కళాశాలలు నాలుగంతస్తుల మేడలలోకి మారాక మొదట మాయమైనది ఆటస్థలమే.

ఇక ఆటగాడి విషయానికి వస్తే, మన దగ్గర అతడి జీతానికి పేరు ఉద్యోగం. రైల్వే, పోలీసు, సైన్యం, బ్యాంకులు. అంతకు ముందు మెట్టు కళాశాల సీటు: వృత్తివిద్యా ప్రవేశాలలో క్రీడాకారులకు అర శాతం. ఉద్యోగాలలో 2 శాతంగా ఉన్న కోటాను 3 శాతం చేయాలని 2024 నాటి రాష్ట్ర క్రీడావిధానం తలపెట్టింది. మంచిదే. కాని కూలి అంతా చివర ఒకేసారి ఇచ్చే పద్ధతి ఇది. ఆ చివరిదాకా ఆటగాడిని ఎవరు పోషించాలి?

విజయవాడ ఇండోర్ స్టేడియానికి దండమూడి రాజగోపాలరావు గారి పేరు పెట్టుకొన్నాం. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తి కాంస్యం తెచ్చిన మనిషి. ఇదే ఊరి బిడ్డ వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో విలువిద్యలో మూడు స్వర్ణాలు సాధించింది. నదికి ఆవలి ఒడ్డున వడ్డేశ్వరంలోని కె.ఎల్. విశ్వవిద్యాలయంలో చదువుకొంటూనే ఆమె బాణం వదల్లేదు. మరో విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ సైన్యంలో చేరి పారిస్ ఒలింపిక్స్‌లో ఆడాడు. ఒకరికి విశ్వవిద్యాలయం నీడ, ఒకరికి సైన్యం నీడ. నీడ దొరకనివారి పేర్లు మనకు తెలియవు కాబట్టి ఇక్కడ రాయలేకపోతున్నాను.

ఒకడి సంగతి మాత్రం తెలుసు. 1990 ప్రాంతంలో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా కళాశాల చెడుగుడు జట్టులో నేను అదనపు ఆటగాడిని; అంటే నీళ్ళ కూజా మోసేవాడిని. మా కూతగాడు కౌలురైతు కొడుకు. వాడు గీత దాటి వెళితే ఒకరినైనా తాకకుండా తిరిగి రావడం అరుదు. రెండో ఏడాది వేరొక కళాశాలవారు వచ్చి ఫీజు లేదు, హాస్టలు ఉచితం, నెలకు చేతిఖర్చు అన్నారు. వాడు వెళ్ళిపోయాడు. మేమందరం ద్రోహి అన్నాం. నేను నాలుగు నెలలు మాట్లాడలేదు.

ఆ శీతాకాలమే పోటీలలో వాడి మోకాలు తిరిగింది. వేసవికల్లా హాస్టలు బకాయి కట్టమన్నారు. ఉచితమన్న మాటకు కాగితం లేదు, సాక్షి లేడు. పాత కళాశాలకు తిరిగి రావడానికి మొహం చెల్లలేదు. డిగ్రీ ఆగిపోయింది. వాడు వెళ్ళినందుకు అలిగిన మేము, వాడిని అక్కడ పారవేసినందుకు ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్ళు దాటినా నన్ను బాధించేది ఆ మౌనమే.

అందుకే డబ్బు వస్తే ఆట చెడిపోతుందన్న వాదం నా చెవికెక్కదు. డబ్బు ఎప్పుడూ ఉన్నది. ఆటగాడి చేతిలో లేదంతే. ప్రో కబడ్డీ 2014లో మొదలయింది. 2023లో తెలుగు టైటాన్స్ జట్టు పవన్ సెహ్రావత్‌ను రెండు కోట్ల అరవై లక్షలకు పైగా పెట్టి కొన్నది. మట్టిలో ఆడిన చెడుగుడుకు ఆ వెల పలికిందని నేను సంతోషించాను. అతడు తెలుగువాడు కాడని గొణిగినవారూ ఉన్నారు. సంక్రాంతి బరిలో వినబడే మాటే అది. అయితే వేలంలో ఒక మేలున్నది. ధర నలుగురి ఎదుటా పలుకుతుంది, ఒప్పందం కాగితం మీద ఉంటుంది.

ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు 2020లో మొదలయ్యాక ఇక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాలకూ పతకాల మీద మోజు పుట్టింది. తొలి ఏడాది ప్రథమస్థానం ప్రభుత్వరంగంలోని పంజాబ్ విశ్వవిద్యాలయానిదైతే, 2022లో అది బెంగుళూరులోని జైన్ విశ్వవిద్యాలయానికి దక్కింది. ఫీజు మాఫీలు, ఉచిత వసతులు ఇకమీదట మరింత పెరుగుతాయి. పెరగనివ్వండి. కళాశాల మారే స్వేచ్ఛ కూడా ఉండనివ్వండి. ఉపాధ్యాయుడు మారవచ్చు, ప్రిన్సిపాలు మారవచ్చు, ఆటగాడే మారకూడదంటే న్యాయం కాదు. నేను కోరేది ఇంతే: ఇస్తామన్నది కాగితం మీద ఇవ్వండి. ఆటలో గాయపడితే వైద్యం ఆ కళాశాలదే కావాలి. ఆడలేకపోయినా మొదలుపెట్టిన డిగ్రీ పూర్తయ్యేదాకా ఆ సీటు, ఆ మంచం అతడివే కావాలి. పతకం తెచ్చినవాడి ఫొటో గేటు మీద కట్టే సంస్థకు ఇది పెద్ద బరువేమీ కాదు. చిన్న కళాశాల తయారుచేసిన పిల్లవాడిని పెద్దది తీసుకొంటే, ఆ చిన్నదానికి కనీసం ఒక మైదానం బాగుచేయించే రివాజు పుట్టినా బాగుంటుంది.

మా కూతగాడు ఇప్పుడు కాలువ గట్టున ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. పోయిన సంక్రాంతికి ఊరిలో కలిశాడు. బరి దగ్గర ఇద్దరం నిలబడి చూస్తుంటే పక్కవాడెవడో "కిరాయివాడురా" అన్నాడు. మావాడు తిరిగి చూసి, "వాడికి డబ్బు ముందే ఇచ్చారా? కనుక్కో" అన్నాడు.