ముందర జాగాలో తంగేడు పెడదాం

మన హాస్టల్ ముందర మళ్ళీ గులాబీలే పెట్టాలంటున్నారు. నాకైతే ఇష్టం లేదు. పోయిన ఎండాకాలం స్నానాలకే నీళ్ళు చాలలేదు. అయినా చిన్న చెల్లెళ్ళు బకెట్లతో మోసి పోశారు. అన్నీ మాడిపోయాయి.

తంగేడు పెడదాం. "అది గట్టు మీద మొలిచేది" అని కొందరు నవ్వారు. గట్టు మీద దానికి నీళ్ళు ఎవరు పోశారు? వేరు లోతుకు పోతుంది, ఎండకు ఆగుతుంది. బతుకమ్మలో పేర్చేది ఆ పచ్చటి పూలనే కదా! 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పుష్పం కూడా అదే అయింది.

మొక్క పీకి తెస్తే వేరు తెగి చస్తుంది, గింజలే వేయాలి. చదువు రాని మా అమ్మ చెప్పిన మాట ఇది. మొదటి ఏడు మాత్రం కొంచెం నీళ్ళు పోయాలి.

వార్డెన్ మేడమ్ గారు ఒప్పుకుంటే సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు ఎండు కాయలు తెస్తాను. వానలు పడగానే వేద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని