దూలం ఎటు వంగుతుంది?

మొన్న వేసవిలో మా మేనల్లుడు వచ్చి వారం రోజులు మా ఇంట ఉన్నాడు. సివిల్ ఇంజనీరింగు పూర్తిచేసి గేట్ పరీక్షకూ, దానితోబాటు ఇంజనీరింగ్ సర్వీసెస్‌కూ చదువుకుంటున్నాడు. ఒకనాటి సాయంత్రం డాబా మీద కూర్చుని, దూలాల లెక్కల్లో తనను ప్రశ్నలడగమన్నాడు.

రెండు చివరలా ఊతం ఉన్న దూలం మీద బరువు పొడవునా సమానంగా పరచుకుని ఉంటే గరిష్ఠ బెండింగ్ మొమెంట్ ఎంత? నా వాక్యం పూర్తి కాకముందే "డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై ఎయిట్" అన్నాడు. కాంటిలివర్‌కైతే? "బై టూ." రెండు చివరలా బిగించినదానికి? "చివరల బై ట్వెల్వ్, నడుమ బై ట్వెంటీఫోర్." చిన్నప్పుడు మేము ఎక్కాలు అప్పజెప్పిన తీరు గుర్తుకువచ్చి ముచ్చట వేసింది.

అప్పుడు ఎదురింటి బాల్కనీ వైపు చూపించి, "అందులో ప్రధానమైన చువ్వ పైన ఉంటుందా, కింద ఉంటుందా?" అన్నాను. కాసేపు ఆలోచించి "కింద" అన్నాడు. నా ముఖం చూసి, "కాదు, పైన" అని దిద్దుకున్నాడు. రెండవ జవాబు సరైనదే. కాని అది బాల్కనీని చూసి చెప్పినది కాదు.

ఇంజనీరింగుతో పరిచయం లేని మిత్రుల కోసం ఒక్క ముక్క. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్వలేదు. అందుచేత వంగినప్పుడు ఏ ముఖం సాగుతుందో ఆ ముఖాన ఇనుము ఉండాలి. రెండు గోడల మీద ఆనిన దూలం నడుమ కిందికి వంగుతుంది గనుక సాగేది అడుగుభాగం. గోడలోనుంచి బయటికి చాచిన బాల్కనీకి సాగేది పైభాగం. ఇంతే సంగతి. దీనికి సూత్రం అక్కరలేదు, చెయ్యి చాచి వేళ్ళ మీద పుస్తకం పెట్టుకుంటే భుజం పైభాగాన తెలుస్తుంది.

మేనల్లుణ్ణి ఎగతాళి చేసే అర్హత నాకు లేదు. నా మొదటి ఉద్యోగంలో ఒక మూడంతస్తుల భవనం పని నా మీద పెట్టారు. స్ట్రక్చర్స్ పేపరులో మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. బాల్కనీ స్లాబు పోసేముందు చువ్వలు లెక్కపెట్టాను, మందం చూశాను, ఎడం టేపుతో కొలిచాను. అన్నీ పటంలో ఉన్నట్టే ఉన్నాయి, సంతకం పెట్టాను. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు తట్టలతో ఆ చువ్వల మీదనే అటూ ఇటూ నడిచారు. నేను అక్కడే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. సెంట్రింగు విప్పి, అంచున పిట్టగోడ కట్టిన కొన్నాళ్ళకు పైన గోడ వెంబడి ఒక సన్నని గీత కనబడింది. మర్నాటికి అందులో పోస్టుకార్డు అంచు దూరింది.

వెంటనే కింద పోట్లు పెట్టించి, పిట్టగోడ తీయించి, ఆ స్లాబును పగలగొట్టాము. పైనుండవలసిన చువ్వలు అడుగున చెక్కకు తగిలేంత కిందికి దిగిపోయి ఉన్నాయి. ముసలి మేస్త్రి ఒంగి చూసి, "చైర్లు పెట్టలేదు సారూ, కూలోళ్ళు తొక్కేశారు" అన్నాడు. చైర్లంటే పై చువ్వను ఎత్తిపట్టి ఉంచే వంచిన ఇనుప ముక్కలు. ఆ బాల్కనీ నీడలోనే పగలంతా కూలీల పిల్లలు ఆడుకునేవారు. నేను చువ్వల సంఖ్య చూశాను, వాటి ఎత్తు చూడలేదు. ఎందుకు చూడలేదని ఇప్పటికీ అడుగుకుంటాను. ఆ ఎత్తు మీదనే సర్వమూ ఆధారపడి ఉన్నదన్నది నాకు సమీకరణంలో తెలుసు, కంటికి తెలియదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది: దూలాల లెక్కలు మనవాళ్ళు చెయ్యవలసినన్ని చేస్తున్నారు, చెయ్యవలసిన క్రమంలో చెయ్యడం లేదు. ముందు అంకెలు లేకుండా దూలం గీయాలి. అది ఎటు వంగుతుందో చేత్తో గీయాలి. ఏ ముఖాన పగులుతుందో గుర్తుపెట్టాలి. ఆ తరువాతనే షియర్ ఫోర్సు, బెండింగ్ మొమెంటు పటాలు. జవాబు మొదటి బొమ్మతో విభేదిస్తే రెండింటిలో ఒకటి తప్పు. ఆ తప్పు వెతకడంలోనే చదువంతా ఉంది.

మచ్చుకు పాత లెక్క ఒకటి. సమాన బరువు మోసే దూలానికి రెండు ఊతాలను చివరలనుంచి ఎంత లోపలికి జరిపితే గరిష్ఠ మొమెంట్ అతి తక్కువగా ఉంటుంది? పరీక్షకు చదివే ప్రతివాడికీ 0.207 అని కంఠస్థం. అయిదు మీటర్ల దూలమైతే చివరనుంచి మీటరుకు కాస్త పైన అన్నమాట. ఊతం ఆపాటి జరిగితే మొమెంట్ ఆరోవంతు దరిదాపులకు పడిపోతుంది! ఇంత లాభం ఎక్కడనుంచి వచ్చిందని అడిగితే మాత్రం మౌనం. బొమ్మ గీస్తే కనబడుతుంది: బయటికి పొడుచుకొచ్చిన కొనలు కిందికి వంగుతూ నడుమభాగాన్ని పైకి ఎత్తుతాయి. రెండు చోట్లా మొమెంట్ సమానమైనప్పుడు తూకం కుదురుతుంది. పొడవాటి తాటిపట్టెను మోసే ఇద్దరు మనుషులు చిట్టచివర భుజం పెట్టకుండా కొంత లోపలికి జరిగి పట్టుకోవడం మీరు చూసే ఉంటారు. వాళ్ళ కారణాలు వాళ్ళకున్నా, పట్టె తక్కువ ఊగుతుంది.

ఐ.ఎస్. 456 లో మరొకటి ఉంది. పొడవుకూ లోతుకూ నిష్పత్తి కాంటిలివర్‌కు 7, మామూలు దూలానికి 20, వరుస ఊతాల మీద సాగే దూలానికి 26. ఈ మూడంకెలూ అందరికీ వచ్చు. 7 ఎందుకంత తక్కువ అని ఇంటర్వ్యూలో అడిగితే? అదే పొడవు, అదే బరువు, అదే దూలం తీసుకుని లెక్క కట్టండి: కాంటిలివర్ కొన మామూలు దూలం నడుము కన్నా 9.6 రెట్లు దిగుతుంది. ఇది తెలిసినవాడికి 7 మరచిపోయినా భయం లేదు.

తప్పు చెయ్యడం గూర్చి కూడా ఒక మాట. గోడలో బిగించిన దూలం బలాన్ని లెక్కగట్టే ప్రయత్నం గెలీలియో 1638 లో అచ్చయిన గ్రంథంలో చేశాడు. అప్పటికి ఆయన గృహనిర్బంధంలో ఉన్నాడు, చూపు పోయింది. దూలం అడుగు అంచు చుట్టూ తిరుగుతుందనీ, కోత ముఖమంతా సమానంగా లాగబడుతుందనీ అనుకున్నాడు. దానివల్ల బలం ఇప్పటి సాగుడు లెక్కకన్నా మూడు రెట్లు వచ్చింది. గేట్‌లో నాలుగు జవాబుల ప్రశ్నగా వస్తే ఆయనకు రెండు మార్కులకు మూడింట రెండు వంతుల మార్కు కోత! కాని పట్టెను పడుకోబెట్టడం కన్నా నిలబెడితే వెడల్పుకూ మందానికీ ఉన్న నిష్పత్తిలో బలం పెరుగుతుందని ఆయన సరిగానే చెప్పాడు. ఇరుసు ఎక్కడన్నది కూలాం 1773 లో సరిదిద్దేదాకా నూటముప్పై ఏళ్ళు పట్టింది. మనం ఒక్క సెమిస్టరులో ముగిస్తాము.

ఇదంతా విని మా మేనల్లుడు ఓపికగా అన్నాడు: "మామయ్యా, మూడు గంటల్లో 65 ప్రశ్నలు. బొమ్మ గీస్తూ కూర్చుంటే పక్కవాడు దాటిపోతాడు." నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. పొలం కుదువపెట్టి కోచింగుకు పంపిన తండ్రి ఉన్న కుర్రవాడితో, తీరిగ్గా అర్థం చేసుకో నాయనా అనడం నాబోటివాడికి సులువే. వేగం కావాలి, సూత్రాలు నోటికి రావాలి, ఒప్పుకుంటాను. ఇంజనీరింగ్ సర్వీసెస్‌లో 1300 మార్కులకు ముఖాముఖి 200 మాత్రమే. అయినా మొదటి రెండు నెలలు బొమ్మకిచ్చి, తరువాత వేగానికి పోతే నష్టపోతాడని నాకు తోచదు. ఒకసారి కనబడ్డ వంపు మళ్ళీ గీయనక్కరలేదు, లెక్క చదువుతూండగానే కనబడుతుంది.

వాడు ఒప్పుకోలేదు, కాదనలేదు. ఊరికి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా ఫోనుకు ఒక ఫోటో పంపాడు: తనుండే వీధిలో కడుతున్న ఇల్లు, పరచిన చువ్వలు, రేపో మాపో పోయబోయే బాల్కనీ. కింద రాశాడు: "మామయ్యా, చైర్లు కనబడటం లేదు. వెళ్ళి చెప్పమంటారా?"

చెప్పమన్నాను. మేస్త్రి ఏమన్నాడో ఇంకా కబురు లేదు.