మెట్ల మీద పొగకు ఏ చట్టం?

శుక్రవారం దజీజ్‌లో సరుకులు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి లిఫ్టు నిండా సిగరెట్ పొగ. మా చిన్నవాడికి ఉబ్బసం. వాణ్ణి ఎత్తుకుని నాలుగు అంతస్తులు మెట్లెక్కాను. అక్కడా పీకలే. బిల్డింగ్ హారిస్‌ను అడిగితే, నా మాట ఎవరు వింటారు సార్ అన్నాడు. అతని తప్పేముంది?

కువైట్‌లో చట్టం లేక కాదు. పొగాకును అదుపు చేసే చట్టం 1995లోనే వచ్చింది. 2014 నాటి పర్యావరణ చట్టం ప్రకారం మూసివున్న, సగం మూసివున్న బహిరంగ స్థలాల్లో పొగ తాగితే 50 నుంచి 100 దినార్ల జరిమానా. డ్రైవర్ పని చేసే మన తమ్ముళ్లకు అది చిన్న మొత్తం కాదు. కానీ చట్టం దేశమంతటికీ ఒకటే, మన మెట్ల దగ్గర అడిగేవాడే లేడు.

అమెరికాలోని మనవాళ్లకు ఈ గొడవ మరో రూపంలో తెలుసు. టెక్సాస్‌లో రాష్ట్రమంతటికీ వర్తించే సమగ్ర చట్టం లేదు, డాలస్ లాంటి నగరాలు తామే నిషేధం తెచ్చుకున్నాయి. జార్జియా 2005లో చట్టం చేసి బార్లకు సందులు వదిలితే, అట్లాంటా నగరం 2020 జనవరి నుంచి వాటిని మూసేసింది. పెన్సిల్వేనియాలో మాత్రం 2008 చట్టం ఫిలడెల్ఫియాను మినహాయించి మిగతా ఊళ్ల చేతులు కట్టేసింది. ఊరికో రూలుంటే వ్యాపారం ఎలాగని అడిగేవాళ్లున్నారు. హోటల్లో రాత్రి పదింటిదాకా పొగ పీల్చే సర్వరు వైపు నుంచి చూస్తే ఆ వాదన నాకు నిలవదు.

మన దేశంలోనూ చిన్నవాళ్లే ముందు కదిలారు. ఢిల్లీ 1996లో చట్టం చేసింది, కేరళ హైకోర్టు 1999లో తీర్పిచ్చింది, కేంద్ర చట్టం 2003లో గానీ రాలేదు. అందులోనూ 30 గదులు, ఆపైన ఉన్న హోటళ్లకు, 30 సీట్లు, ఆపైన ఉన్న రెస్టారెంట్లకు పొగ గది పెట్టుకునే వీలుంచారు. జరిమానా 200 రూపాయల దాకానే. 2024 ఫిబ్రవరిలో తెలంగాణ శాసనసభ అదే చట్టాన్ని సవరించి హుక్కా పార్లర్లను నిషేధించింది.

పొగాకు బోర్డు మన గుంటూరులోనే ఉంది, మా తాత చుట్ట లేనిదే మంచం దిగేవాడు కాదు. కాబట్టి పెద్దరికం చూపడానికి నాకు మొహం లేదు. అయినా ఒక్కటి అడుగుతాను. ఇక్కడ మనకు ఓటు లేదు, మునిసిపాలిటీని అడిగే స్థానమూ లేదు. మన ఉగాది వేడుకల హాలు, వనభోజనాల గుడారం, మన సంఘాల సమావేశాలు మాత్రం మన చేతిలోనివే. అక్కడ ప్రభుత్వం కంటే గట్టి రూలు పెట్టుకుంటే ఎవరు కాదంటారు? గేటు బయటికెళ్లి తాగి రమ్మనడానికి మొహమాటం ఎందుకు?

మా బిల్డింగ్ యజమానికి అరబ్బీ, హిందీ, తెలుగులో బోర్డు రాసిస్తానని కబురు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. ఈ వారం మళ్లీ వెళ్తాను, ఈసారి పక్క ఫ్లాట్లవాళ్లను కూడా వెంటబెట్టుకుని.