టెండరులో తగ్గిన రూపాయి ఎవరిది?

కాలవ పూడిక తీయాలన్నా, చెరువు కట్టకు మట్టి పోయాలన్నా, ఊరికి రోడ్డు వేయాలన్నా ముందు వినపడే మాట టెండరు. పని చేసేది కూలీ. నీళ్ళు అందాల్సింది రైతుకు. ఖర్చయ్యే డబ్బు జనానిది. కాని ఆ టెండరులో ఏం రాసుకున్నారో తెలిసేది మాత్రం ఇంజనీరుకూ, కాంట్రాక్టరుకూను. "అది చదువుకున్నోళ్ళ యవ్వారం, మనకెందుకులే" అని మన వాళ్ళు పక్కకు తప్పుకుంటారు. కాంట్రాక్టరుకు కావలసింది కూడా సరిగ్గా అదే. మన కూలి రేటు కాలవ గట్టు మీద మేస్త్రీతో బేరమాడినప్పుడు తేలుతుందనుకుంటాం. నిజానికి అది అంతకు ముందే, ఆఫీసు కాగితాల్లో తేలిపోతోంది. అందుకే ఈ వ్యవహారం కూలి సంఘాల కార్యకర్తలు తెలుసుకు తీరాలి.

మొదట ఒక తేడా గమనించాలి. చెరువులో చేపలకు పాట పెడితే ఎక్కువ పాడినవాడికి దక్కుతుంది. పనులకు టెండరు పిలిస్తే తక్కువ రాసినవాడికి దక్కుతుంది. అక్కడ ప్రభుత్వం అమ్ముకుంటోంది, ఇక్కడ కొనుక్కుంటోంది.

పని పుట్టేది ఎస్టిమేటుతో. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి, ఎంత కాంక్రీటు, ఎన్ని టన్నుల ఇనుము అని ఇంజనీర్లు కొలతలు వేస్తారు. ఒక్కో అంశానికి ప్రభుత్వం ప్రకటించిన రేట్ల పట్టిక ప్రకారం ధర కడతారు. ఆ ధరలో సామాను ఖర్చు, యంత్రం ఖర్చు, కూలి, కాంట్రాక్టరు లాభం అన్నీ కలిసే ఉంటాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి. కాంట్రాక్టరు మనకిచ్చే కూలి అతని జేబులోది కాదు. ఎస్టిమేటులో మన పేరు మీద ముందే కట్టిన డబ్బు అది.

తర్వాత నోటీసు వేస్తారు. టెండరు వేసేవాడు ధరావతు కట్టాలి. టెండరు దక్కాక పని చేయనంటే అది పోతుంది. కాగితాలు రెండు భాగాలు. మొదటిది అర్హతలు: గతంలో ఇలాంటి పనులు చేశాడా, టర్నోవరు ఎంత, యంత్రాలున్నాయా అన్నవి. రెండోది ధర. మొదటిదానిలో నెగ్గినవాళ్ళ ధరలే తెరుస్తారు. ఎస్టిమేటు మీద ఇంత శాతం ఎక్కువ, లేదా ఇంత శాతం తక్కువ అని రాస్తారు. అందరికన్నా తక్కువ రాసినవాణ్ణి ఆఫీసు భాషలో ఎల్ వన్ అంటారు. పని అతనికి దక్కుతుంది, ఒప్పందం రాసుకుంటారు. అక్కణ్ణుంచి చేసిన పనిని కొలిచి ఎమ్ బుక్కులో ఎక్కిస్తారు. ఆ కొలతల మీదే బిల్లు వస్తుంది.

చూడటానికి ఇంత న్యాయమైన పద్ధతి మరోటి లేదనిపిస్తుంది. మోసం రెండు వైపుల నుంచీ వస్తుంది.

ఒకటి రింగు. నలుగురు కాంట్రాక్టర్లు ముందే కూడబలుక్కుని ఈ పని నీకు, ఆ పని నాకు అని పంచుకుంటారు. ఒకడు వేస్తాడు, మిగతావాళ్ళు ఉత్తుత్తి టెండర్లు వేస్తారు లేదా అసలు వేయరు. తప్పుకున్నవాళ్ళకు 'గుడ్‌విల్' ముడుతుంది. దానికి మంచి పేరే పెట్టుకున్నారు! సీల్డు కవర్ల కాలంలో టెండరు పెట్టె దగ్గర మనుషుల్ని కాపలా పెట్టి వేరేవాణ్ణి కవరు వేయనిచ్చేవాళ్ళు కాదు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో ఆన్‌లైన్ టెండర్లు మొదలయ్యాక పెట్టె దగ్గర దౌర్జన్యానికి పని లేకుండా పోయింది. మంచిదే. కాని ఫోన్లో చేసుకునే ఒప్పందాన్ని కంప్యూటరు ఆపలేదు. అర్హతల షరతులే ఒకడి కొలతలకు చొక్కా కుట్టినట్టు రాస్తే రింగు అవసరం కూడా ఉండదు. టెండర్లలో కుమ్మక్కును 2002 నాటి పోటీ చట్టం నిషేధించింది. అయినా ఆ చట్టం దానంతటది ఊళ్ళోకి నడిచిరాదు.

పోటీ ఉందని చెప్పగానే ఉన్నట్టు కాదు. 2019లో పోలవరం ప్రధాన పనులకూ, జల విద్యుత్ కేంద్రానికీ కలిపి రివర్స్ టెండరు పిలిచారు. సుమారు 4,987 కోట్ల రూపాయల పనికి టెండరు వేసింది ఒకే ఒక సంస్థ. 12.6 శాతం తక్కువకు తీసుకుంది. 628 కోట్లు ఆదా అని అప్పటి ప్రభుత్వం చాటుకుంది. 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ పద్ధతినే ఎత్తేసింది. పద్ధతి పేరు ఏదైనా, బరిలో ఒక్కడే ఉన్నప్పుడు దాన్ని పందెం అంటామా?

రెండో మోసం 'లెస్'. కూలీని నేరుగా కొట్టేది ఇదే. పేపర్లో "ముప్ఫై శాతం తక్కువకే టెండరు, ప్రభుత్వానికి భారీ ఆదా" అని వస్తే మనం కూడా భేష్ అనుకుంటాం. లెక్క వేసి చూద్దాం.

పది లక్షల కాలవ పని అనుకోండి. ఒకడు 30 శాతం లెస్‌కు, అంటే ఏడు లక్షలకు పాడాడు. ఆ మూడు లక్షలు ఎక్కణ్ణుంచి తగ్గిస్తాడు? సిమెంటు కంపెనీ ధర తగ్గించదు. డీజిలు బంకువాడు తగ్గించడు. పొక్లెయిన్ అద్దె తగ్గదు. ఆఫీసుల్లో ముట్టజెప్పాల్సింది అసలే తగ్గదు. ఇక తగ్గేవి మూడే: కాంక్రీటులో సిమెంటు పాలు, పూడిక తీసే లోతు, కూలీ చేతికిచ్చే డబ్బు. పైగా చాలాచోట్ల టెండరు దక్కినవాడు తాను పని చేయడు. తన వాటా ఉంచుకుని సబ్ కాంట్రాక్టుకిస్తాడు. వాడు మేస్త్రీకి గుత్తకిస్తాడు. ముఠా దగ్గరికి వచ్చేసరికి ఏడు లక్షల్లో మిగిలేదెంత? ప్రభుత్వం 'ఆదా' అన్నది కూలీకి కోత, చివరి భూముల రైతుకు ఎండు. రెండేళ్ళకు లైనింగు పగిలితే మళ్ళీ అదే కాలవకు కొత్త ఎస్టిమేటు!

ప్రభుత్వానికి ఈ సంగతి తెలీదా? తెలుసు. 2003లో వచ్చిన 94వ నంబరు జీవో ఎస్టిమేటు మీద 5 శాతానికి మించి ఎక్కువ రాస్తే ఒప్పుకోవద్దంది. 25 శాతం కన్నా తక్కువకు వెళ్ళినవాడు ఆ తేడా మొత్తానికి డీడీయో, బ్యాంకు గ్యారంటీయో ఇవ్వాలంది. మన ఉదాహరణలో ఏడున్నర లక్షలకూ ఏడు లక్షలకూ మధ్య ఉన్న యాభై వేలు. కాని ఈ గ్యారంటీ పనికే గాని కూలికి కాదు. పని మధ్యలో ఆగితే ప్రభుత్వం నష్టపోకూడదని చూశారు. కూలీ నష్టపోకుండా ఏం కట్టించారు?

అట్లాగని టెండర్లు తీసేసి పనులు నామినేషన్ మీద పంచండి అని మనం అడగం. అలా చేస్తే పనులన్నీ పాలక పార్టీ పెత్తందార్ల ఇంటి అరుగు మీద పంపకమవుతాయి. మనం అడిగేది వేరు. కూలి భాగం పోటీలో పెట్టే సరుకు కారాదు. ఎస్టిమేటులో కూలి కింద కట్టిన మొత్తాన్ని విడదీసి చూపాలి. లెస్ ఎంతైనా దాని మీద చేయి పడకూడదు. కూలి ముట్టిందని ముఠా సంతకం లేకుండా ఆఖరి బిల్లు చెల్లించకూడదు. ఎస్టిమేటు, టెండరు శాతం, కాంట్రాక్టరు పేరు, కూలి రేటు పని దగ్గర బోర్డు మీద తెలుగులో రాయాలి.

ఇవి సాధించేలోగా చేతిలో ఉన్న ఆయుధాలు వాడుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, ఒప్పందం, ఎమ్ బుక్కు నకళ్ళు అడగవచ్చు. పనిని తనిఖీ చేయవచ్చు, వాడిన సామాను నమూనా తీసుకోవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నవారికి రుసుము లేదు. ఎమ్ బుక్కులో మీటరు లోతు రాసి ఉంటే, ముఠా వాళ్ళు గడ్డపార పట్టుకుని ఎంత తవ్వారో చెప్పగలరు. దీనికి ఇంజనీరింగు చదువు అక్కర్లేదు.

కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న ప్రధాన యజమాని ఇచ్చుకోవాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో లేబర్ కోడ్ వచ్చింది. సూత్రం మిగిలింది గాని, వర్తించే కార్మికుల సంఖ్యను 20 నుంచి 50కి పెంచారు. కాలవ పనుల్లో యాభై మంది ముఠా ఎక్కడుంటుంది? చిన్న ముఠాలను చట్టం గడప అవతల నిలబెట్టారు. అయితే కనీస వేతనం హక్కుకు ఈ సంఖ్య అడ్డం కాదు. కాబట్టి హాజరు పుస్తకం ముఠాయే రాసుకోవాలి. తేదీ, మనుషులు, కొలత, ముట్టిన డబ్బు అన్నీ అందులో ఉండాలి. కూలి బకాయి ఉంటే ఆఖరి బిల్లుకు ముందే ఇంజనీరుకు కాగితం ఇచ్చి రసీదు తీసుకోవాలి. బిల్లు పోయాక కాంట్రాక్టరు కనపడడు.

కూలీలే కాంట్రాక్టరు అయితే? కేరళలో వడకర దగ్గర 1925లో ఊరాలుంగల్ కూలీలు సహకార సంఘం పెట్టుకున్నారు. నూరేళ్ళు దాటినా రోడ్లు, వంతెనలు కడుతోంది. మన దగ్గరా కూలీ సహకార సంఘాలు పుట్టాయి గాని, చాలావాటిలో పేరు కూలీలది, పెత్తనం కాంట్రాక్టరుది. తేడా చట్టంలో లేదు. లెక్కల పుస్తకం ఎవరి చేతిలో ఉంది అన్నదానిలో ఉంది.

ఈ ఎండాకాలం కాలవ పనులకు టెండర్లు పిలిచే ముందే ప్రతి సంఘం ఇద్దరు యువకులను ఈ పనికి కేటాయించాలి. నోటీసు వాళ్ళు చదవాలి, శాతం రాసుకోవాలి, ముఠాకు వినిపించాలి. ముప్ఫై శాతం లెస్ అని తెలిసిన రోజునే, గడ్డపార ఎత్తకముందే కూలి రేటు కాగితం మీద రాయించుకోవాలి. పని అయ్యాక చేసే ధర్నా కన్నా పని మొదలుకాకముందు అడిగే ప్రశ్నకే బలమెక్కువ.