కాలువ రెండో గట్టును సైకిళ్లకు వదలండి

రాజమహేంద్రవరం, కాకినాడల మధ్య తిరిగేవాళ్లందరికీ కెనాల్ రోడ్డు తెలుసు. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, మేడపాడు మీదుగా సామర్లకోట దాకా కాలువ పక్కనే సాగే ఈ రోడ్డు మీద లారీలు, బస్సులు, ఆటోలు, ధాన్యం ట్రాక్టర్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతాయి. ఒక పక్క నీళ్లు, ఒక పక్క ఇళ్లు. సైకిలు మీద బడికెళ్లే పిల్లకు మిగిలేది తారు అంచున జానెడు మట్టి. కానీ కాలువకు గట్టు ఒకటే ఉండదు. ఎదుటి గట్టు చాలా చోట్ల ఇప్పటికీ మట్టి బాటే. కొబ్బరి చెట్ల నీడలో, కొన్నిచోట్ల ముళ్లకంపల మధ్య, కొన్నిచోట్ల చెత్తకుప్పల మధ్య అలా పడి ఉంది. ఆ గట్టును ధవళేశ్వరం నుంచి సామర్లకోట మీదుగా కాకినాడ దాకా తెగకుండా కలిపి, మోటారు బండ్లు రాని సైకిలు బాటగా, కాలిబాటగా ప్రకటించాలని ఈ కరపత్రం కోరుతోంది. కొత్త రోడ్డు అడగడం లేదు. సర్కారు చేతిలో ఉన్న గట్టును దాని పాత పనికి మళ్లించమంటున్నాం.

పాత పని అంటున్నది ఊరికే కాదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పుడు, డెల్టా కాలువలను తడికి మాత్రమే తవ్వించలేదు. సరుకు రవాణాకూ తవ్వించాడు. అందుకే కాలువల మీద లాకులు కట్టారు. నీటిమట్టం మారే ప్రతిచోటా పడవ లాకులోకి వచ్చి, తలుపులు మూసి, నీరు ఎక్కించాకో దించాకో ముందుకు సాగేది. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే గట్టు అనేది మొదటినుంచీ మనిషి నడక వేగానికి తగిన దారి. తరవాత రైలు వచ్చింది, లారీ వచ్చింది, పడవ పోయింది. ఒక గట్టు తారు రోడ్డయింది. రెండోదాని గురించి ఎవరూ ఆలోచించలేదు. మన అదృష్టం కొద్దీ అలా ఆలోచించకపోవడం వల్లే అది మిగిలింది.

ఇలా మిగిలిన దారులను బయటి దేశాలు ఏం చేసుకున్నాయో చూడండి. యూరప్‌లో డాన్యూబ్ నది ఒడ్డున జర్మనీలోని పాసావ్ నుంచి ఆస్ట్రియాలోని వియన్నా వరకు 300 కిలోమీటర్లకు పైగా సైకిలు బాట ఉంది. అందులో చాలా భాగం ఒకప్పుడు గుర్రాలు పడవలను ఎదురు ప్రవాహంలో లాగడానికి వేసిన దారే. ఇవాళ అక్కడ కుటుంబాలు పిల్లలతో సహా రోజుల తరబడి సైకిలు ప్రయాణం చేస్తాయి. అలిసిపోతే దగ్గరి స్టేషనులో రైలెక్కుతాయి. ఒడ్డునున్న చిన్న ఊళ్లలో భోజనానికి, పడకకు, సైకిలు మరమ్మతుకు ఖర్చు పెడతాయి. ఇంగ్లండులో 1970ల చివర కొందరు సైకిలు ప్రేమికులు బ్రిస్టల్, బాత్ పట్టణాల మధ్య మూతపడ్డ రైలు కట్టను స్వచ్ఛందంగా చదును చేయడం మొదలుపెట్టారు. ఆ 21 కిలోమీటర్ల బాటే తరవాత ఆ దేశపు జాతీయ సైకిలు మార్గాలకు బీజం. మన హైదరాబాద్‌లోనూ 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. మంచిదే. కానీ అది నగరంలో వ్యాయామానికి పనికొచ్చే ట్రాక్. పక్కనే హోరెత్తే వాహనాలు. నదిని, పొలాన్ని, ఊరిని కలిపే దారి మనకింకా లేదు.

అలాంటి దారికి ఈ కాలువ కన్నా అనువైనది దొరకడం కష్టం. దీని వెంబడే రైలు మార్గం కూడా ఉంది. కడియం, ద్వారపూడి, అనపర్తి, బిక్కవోలు, మేడపాడు, సామర్లకోట అన్నీ స్టేషన్లే. రాజమహేంద్రవరం నుంచి సామర్లకోటకు దాదాపు 50 కిలోమీటర్లు. కొత్తగా సైకిలు పట్టినవాడు సగం దూరంలో చేతులెత్తేసినా దగ్గరలోనే స్టేషను ఉంటుంది. ప్యాసింజర్ రైళ్లలో సైకిలు ఎక్కించే సదుపాయం రైల్వే వారు తేలిక చేస్తే చాలు. మొదట్లో గోదావరి, ఆ తరవాత కడియం నర్సరీలు, బిక్కవోలులో తూర్పు చాళుక్యుల నాటి గుళ్లు, సామర్లకోటలో పంచారామాల్లో ఒకటైన కుమారారామం, చివర కాకినాడ దాటితే కోరంగి మడ అడవులు. లాకుల దగ్గర నీటిపారుదల శాఖ పాత బంగళాలు ఎక్కడున్నా, నాలుగు గదులు బాగుచేసి అద్దెకిస్తే బస కూడా సిద్ధమే. అయితే ఒక్క మాట. ఇది పర్యాటకుల కోసం మాత్రమే అయితే మేం ఇంత పట్టుబట్టేవాళ్లం కాదు. ఎప్పుడో డిసెంబరులో వచ్చే యాత్రికుడికంటే ముందు, రోజూ బడికెళ్లే పిల్లలు, పొలానికెళ్లే కూలీలు, నర్సరీల్లో పనికెళ్లే ఆడవాళ్లు ఈ బాట వాడతారు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్లలో సైకిలు ఉంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, పదిమందిలో దాదాపు ఇద్దరు కాలినడకన పోతున్నవాళ్లు. సైకిలు లేక కాదు, తొక్కడానికి చోటు లేక జనం దాన్ని గోడకు ఆనించేశారు.

పని ఎంత అంటే, గట్టును చదును చేసి, గ్రావెల్ పరచి, నీళ్లు చల్లి రోలరు తిప్పడం. మూడు మీటర్ల వెడల్పు చాలు. అసలు చిక్కు తూముల దగ్గర. పిల్లకాలువ బయల్దేరే ప్రతి చోటా గట్టు తెగుతుంది. అక్కడ సైకిలు దిగి బురదలో మోసుకుపోవాల్సి వస్తే ఆ బాట ఎవరికీ పనికిరాదు. అందుకే డబ్బు ముందు చిన్న వంతెనలకు పెట్టాలి, రంగుల బోర్డులకు, ‘ఐ లవ్’ అక్షరాలకు కాదు. ఈ పనులన్నీ ఏటా వేసవిలో కాలువలు కట్టేసిన కొద్ది వారాల్లోనే సాధ్యం. పూడిక తీసే పొక్లెయిన్ అప్పుడు ఎలాగూ గట్టెక్కుతుంది. పైగా గట్టు మీద బాట ఉంటే కాలువను కనిపెట్టుకుని ఉండే లస్కరు తన పరిధి మొత్తం సైకిలు మీద చూసి రాగలడు. ఎక్కడ గండి పడబోతోందో, ఎవరు తూము తిప్పేశారో పొద్దున్నే తెలుస్తుంది. జనం తిరిగే చోట చెత్త పారబోయడానికీ జంకుతారు.

ఇక రైతుల అభ్యంతరం. గట్టు మీదుగా ధాన్యం, కొబ్బరికాయలు, ఎరువులు తేకపోతే ఎలా అంటారు. న్యాయమైన మాట. డాన్యూబ్ బాట మీద కూడా పొలాలున్నవారి బండ్లకు అనుమతి ఉంటుంది. ఇక్కడా ఆ గట్టుకు ఆనుకుని పొలమున్న రైతు ట్రాక్టరు నెమ్మదిగా వెళ్లొచ్చు. ఆపాల్సింది ఇసుక టిప్పర్లను, అడ్డదారి వెతికే కార్లను. వాటిని ఆపడానికి కాంక్రీటు దిమ్మెలు, మధ్యలో తాళం వేసిన గేటు, తాళంచెవి లస్కరు దగ్గర. మోటారు సైకిళ్లను దిమ్మెలు పూర్తిగా ఆపలేవని ఒప్పుకోవాలి. అక్కడ పోలీసు జరిమానా, ఊరి మాట రెండూ కావాలి. చట్టం మాత్రం సిద్ధంగానే ఉంది: 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద ప్రజాభద్రత కోసం ఫలానా దారిలో మోటారు వాహనాలను రాష్ట్ర ప్రభుత్వం నిషేధించవచ్చు.

అంతకన్నా బరువైన ప్రశ్న గట్ల మీద గుడిసెలు వేసుకున్న పేదలది. సైకిలు బాట పేరుతో వాళ్లను లేపేస్తారన్న భయం నిరాధారం కాదు. సుందరీకరణ అన్న మాట వినపడగానే మొదట కూలేది పేదల ఇళ్లే. కాబట్టి ఈ కోరికతో పాటే ఒక షరతు పెడుతున్నాం. ఇంటిస్థలం ఇచ్చి, ఇల్లు కట్టించేదాకా ఏ కుటుంబాన్నీ కదపకూడదు. అలాంటి చోట బాట ఆ వాడలోంచే వీధిలా పోవాలి, లేదా వంతెన దాటి కొంతదూరం పక్క దారి పట్టాలి. నాలుగు వందల గజాలు వంకర తిరిగితే సైకిలుకు వచ్చే నష్టమేమీ లేదు. ఎండ సంగతంటారా, ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎవరూ తొక్కరు. మిగతా కాలం నీళ్ల పక్కన చెట్ల నీడ తారు రోడ్డు కన్నా నయమే. చెట్లు లేని చోట కానుగ, నేరేడు నాటాలి. కోరంగిలో మాత్రం వెనక్కి తగ్గాలి. 1978 నుంచి అది అభయారణ్యం. అక్కడ కొత్తగా ఒక్క గజం దారి కూడా తవ్వకూడదు. కాకినాడ నుంచి అక్కడిదాకా వచ్చేవాళ్లకు అడవి గేటు దగ్గర సైకిళ్లు ఆపుకునే చోటు ఉంటే చాలు.

రైతు సోదరులారా, నీటి వినియోగదారుల సంఘాల సభ్యులారా, సర్పంచులారా! మీ ఊరి హద్దులో రెండో గట్టు ఎక్కడెక్కడ తెగిందో, ఎక్కడ ఆక్రమణ ఉందో, ఎక్కడ చిన్న వంతెన కావాలో ఒక కాగితం మీద రాయండి. మోటారు బండ్లు రాని బాట కావాలని గ్రామసభలో తీర్మానం చేసి, ఆ కాగితం జతచేసి, జలవనరుల శాఖ ఇంజనీరుకు, కలెక్టరుకు, మీ శాసనసభ్యుడికి పంపండి. కాలువలు కట్టేసేలోపు అంచనాలు తయారు కాకపోతే మరో ఏడాది ఆగాల్సిందే. తీర్మానం ఈ నెలలోనే చేయండి.