చక్రం బయటికా, లోపలికా?

మన పావగడ తాలూకాలో ఇంట తెలుగు, కచేరిలో కన్నడం. కన్నడంలో బండిచక్రాన్ని ‘గాలి’ అంటారు. అందుచేత ‘కారుకు గాలి మార్పిస్తున్నాడట’ అని వింటే ఇంట్లో పెద్దవారు, టైర్లకు గాలి కొట్టించటం కాబోలని ఊరుకుంటారు. తీరా చూస్తే అబ్బాయి నాలుగు కొత్త అల్లాయ్ రిమ్ములు వేయించుకుని వస్తాడు. అవి కారుకు అందం తెస్తవి, కాదనము. కాని రిమ్ము వెనుక పోతపోసిన ఒక అంకెను చూచి కొన్నాడా లేదా అన్నది ఆ కారులో కూర్చునే ఇంటిల్లిపాదికీ కావలసిన సంగతి. ఆ అంకె పేరు ఆఫ్‌సెట్.

ఆఫ్‌సెట్ అనగా ఏమి? రిమ్ము వెడల్పును సరిగా సగం చేస్తూ నడుమ ఒక గీత గీసినామనుకుందాము. రిమ్మును బోల్టులతో బిగించే ముఖం ఆ గీతకు ఎంత దూరాన ఉన్నదో, ఆ మిల్లీమీటర్లే ఆఫ్‌సెట్. ముఖం గీతకు బయటివైపున ఉంటే ధనము, లోపలివైపున ఉంటే ఋణము, గీతమీదనే ఉంటే సున్న. నేటి చిన్నకార్లలో సాధారణంగా ధనమే ఉంటుంది. రిమ్ముమీద ‘ఇ.టి. 45’ అని ఉంటే 45 మిల్లీమీటర్లన్నమాట. ఆ రెండక్షరాలు జర్మన్ మాట నుండి వచ్చినవి.

అంకె తగ్గినకొద్దీ చక్రం బయటికి వస్తుంది. పెరిగినకొద్దీ లోపలికి పోతుంది. ఇంతవరకు తేలికే. చిక్కంతా వెడల్పు కూడా మారినప్పుడు వస్తుంది. లెక్క చేసి చూద్దాము. కారుతో వచ్చిన రిమ్ము 5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 45. కొత్తది 6 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, అందులో సగం, 12.7, ఒక్కొక్క ప్రక్కకు పెరుగుతుంది. ఆఫ్‌సెట్ 10 తగ్గినందున చక్రం మొత్తం 10 బయటికి జరుగుతుంది. కాబట్టి బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు ముందుకు వచ్చింది; లోపలి అంచు 2.7 మాత్రమే లోనికి పోయింది. పోనీ, బయటి అంచు కదలరాదని ఆఫ్‌సెట్ పెంచితే, పెరిగిన అంగుళమంతా లోపలికే పోయి సస్పెన్షనుకు తగలవచ్చును. అంగుళానికి ఏదో ఒక ప్రక్క చోటు ఇవ్వక తప్పదు.

మా కచేరి మిత్రులొకరు ఇటువంటి రిమ్ములే వేయించినారు. ఒక్కరే తిరిగినన్నాళ్లు చప్పుడు లేదు. తల్లిగారినీ, పిల్లలనూ ఎక్కించుకుని హిందూపురం పెండ్లికి పోతే, గుంత వచ్చినప్పుడల్లా వెనుక మడ్‌గార్డు టైరును ఒరుసుకున్నది. దిగి చూస్తే టైరు ప్రక్కగోడ చెక్కుకుపోయి లోపలి దారాలు కనబడినవి. వేగంలో పగిలి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఖాళీ కారులో కనిపించే సందు, అయిదుగురు కూర్చున్న కారులో ఉండదు.

ఒరుపు ఒక్కటే కాదు. నిండు బిందెను నడుముకు ఆనించి మోయటానికీ, చేయి చాచి పట్టుకోవటానికీ ఎంత తేడా! చక్రం బయటికి జరిగితే హబ్బు బేరింగుమీద అటువంటి బరువే పడుతుంది. స్టీరింగు కూడా గుంతలలో చేతిని లాగుతుంది. బ్రేకు వేసినప్పుడు ఒకవైపు టైరు ఇసుకమీద ఉంటే ఆ లాగుడు మరింత తెలుస్తుంది. చక్రాలు దూరమైతే కారు నిలకడగా ఉంటుందనేవారున్నారు. అందులో కొంత నిజమున్నది. కాని ఆ కారు కొలతలకు లోబడినంతవరకే.

కొనేటప్పుడు అయిదు కొలతలు అడగవలెను: బోల్టుల సంఖ్య, వాటి వలయపు వ్యాసము, నడిమి రంధ్రము, వెడల్పు, ఆఫ్‌సెట్. తయారీదారు ఇచ్చిన అంకెలకు అంటిపెట్టుకుని ఉండుట మేలు. టైరు మొత్తం ఎత్తు మారరాదు, మారితే వేగం చూపే ముల్లు తప్పు చెబుతుంది. బిగించిన తరువాత స్టీరింగును రెండు చివరలకూ త్రిప్పి, మనుషులను నింపి చూడండి. వంద కిలోమీటర్లలోపల నట్లు మరల బిగించండి. ఎక్కువైన ఆఫ్‌సెట్‌ను బిళ్లలు పెట్టి సర్దుతామంటే ఒప్పుకోకండి; బిళ్ల మందమైనకొద్దీ నట్టుకు దొరికే మర తగ్గుతుంది. తయారీదారు కొలతలను దాటే మార్పులకు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డున్నదని మరువరాదు. ఇన్స్యూరెన్సువారికి ముందే తెలియజేయుట మంచిది.

మన పెద్దలు బండి కట్టించేటప్పుడు చక్రానికి రంగు చివర వేయించేవారు; ముందు ఇరుసుకు సరిపోయినదా అని చూచేవారు. అబ్బాయికి ఆ మాట చెప్పండి. వద్దని కాదు, అంకె చూచి కొనమని.